ఓటమి ఎరుగని ఖబీబ్ గొప్పా, అందరినీ ఓడించిన జోన్స్ గొప్పా?

కృష్ణాతీరం:
మా నాన్న జీవితమంతా కుస్తీ, కబడ్డీ తప్ప మరో ఆట చూడలేదు. మొన్న ఆదివారం పొద్దున నేను యూఎఫ్‌సీ (కొట్టడం, పట్టడం రెండూ ఉండే మిశ్రమ పోరు పోటీలు) పెట్టుకుంటే పక్కన కూర్చుని, కాఫీ తాగినంతసేపూ చూసి, "వీళ్ళందరిలో అసలైన మల్లుడు ఎవడురా?" అని అడిగారు. నా నోట ఖబీబ్ నూర్మగొమేదొవ్ పేరే వచ్చింది. 29 పోటీలు, 29 గెలుపులు. మా తమ్ముడు వెంటనే "జాన్ జోన్స్ ఉండగా ఖబీబ్ ఏమిటి" అని అందుకున్నాడు. ఇంట్లో ఇంకా తెగలేదు. నాకు మూడు సంగతులు కావాలి. మీ లెక్కలో మొదటి ముగ్గురు ఎవరు? త్వరగా తప్పుకుంటే పేరు తగ్గుతుందా? కుస్తీ మాత్రమే తెలిసిన పెద్దాయనకు మొదట ఏ పోటీ చూపించాలి?

ఉడుంపట్టు:
మొదటి ముగ్గురి సంగతి నాకు పట్టదు. నాకు ఒక్కడే ఉన్నాడు.

2020 అక్టోబరు 24. దసరా ముందు రోజు. మాకు అర్ధరాత్రి దాటింది. ఆ ఏడాది వేసవిలో మా నాన్న పోయారు. ఖబీబ్ తండ్రి అబ్దుల్‌మనాప్ కూడా ఆ జులైలోనే పోయారు. కొడుక్కి గురువూ ఆయనే. అబుదాబిలో జస్టిన్ గేచీతో పోటీ. రెండో రౌండులో ఖబీబ్ కాళ్ళు గేచీ మెడ చుట్టూ మూసుకున్నాయి. గేచీ లొంగిపోయానని చేత్తో తట్టాడు, రిఫరీ గమనించలేదు, అతను స్పృహ తప్పాకే ఆపాడు. ఖబీబ్ లేచి చేతులెత్తలేదు. నేల మీద వాలిపోయి ఏడ్చాడు. అప్పుడే తేరుకున్న గేచీ వచ్చి అతన్ని పట్టుకున్నాడు. తరువాత గ్లవ్స్ విప్పి మధ్యలో పెట్టాడు. నాన్న లేకుండా ఇక పోటీ చేయనని అమ్మకు మాట ఇచ్చానన్నాడు.

ఆ చీకట్లో టీవీ ముందు నేను ఒక్కడినే కూర్చుని ఏడ్చాను. "మూడుసార్లే టైటిల్ కాపాడుకున్నాడు" అని ఎవరైనా నాతో వాదిస్తే నేను మాట్లాడను.

మెరుపుకాలు:
ఉడుంపట్టు గారూ, మీ బాధను గౌరవిస్తాను. కానీ కన్నీళ్ళు వేరు, చరిత్ర వేరు. ఖబీబ్ టైటిల్ కాపాడుకున్నది నిజంగానే మూడుసార్లు: మెక్‌గ్రెగర్, పోరియర్, గేచీ. టోనీ ఫెర్గూసన్‌తో పోటీ ఐదుసార్లు కుదిరి ఐదుసార్లూ రద్దయింది.

జోన్స్‌ను చూడండి. 2011 మార్చిలో షోగున్‌ను చితక్కొట్టి 23 ఏళ్ళకే ఛాంపియన్ అయ్యాడు. యూఎఫ్‌సీలో అంత చిన్న వయసు ఛాంపియన్ మరొకరు లేరు. తరువాత రాంపేజ్, మచీడా, రషాద్ ఎవాన్స్, బెల్ఫోర్ట్. అందరూ ఏదో ఒకప్పుడు బెల్టు కట్టినవాళ్ళే. రెండేళ్ళలో వరసగా ముగించాడు. మూడేళ్ళు ఆట మానేసి, హెవీవెయిట్‌కు వచ్చి, 2023లో సిరిల్ గాన్‌ను రెండు నిమిషాల్లో గొంతు పట్టి లొంగదీశాడు. ఇప్పటికీ అతని పేరు మీద ఉన్న ఓటమి ఒక్కటే, అదీ కాగితం మీది ఓటమి. 2009లో మ్యాట్ హమిల్‌తో. గెలిచేస్తున్న పోటీని మోచేయి నియమం పేరుతో లాక్కున్నారు. ఆ నియమాన్నే 2024 నవంబరులో తీసేశారు కూడా.

పాతకాపు:
మోచేయి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఈ చర్చలో రష్యా హెవీవెయిట్ ఫెడోర్ ఎమెలియానెంకో పేరు లేదు. ఒక్కరికీ గుర్తు రాలేదా?

మేము ఇంజినీరింగ్ హాస్టల్‌లో ఒక్క కంప్యూటర్ చుట్టూ పదిమంది మూగి జపాన్‌లో జరిగే ప్రైడ్ పోటీలు చూసినవాళ్ళం. 2004లో రాండిల్‌మన్ ఫెడోర్‌ను వెనక నుంచి ఎత్తి, తలకిందులు చేసి, మెడ మీద పడేశాడు. గదిలో ఒక్కసారి నిశ్శబ్దం. ఆ మెడ విరిగిందనే అనుకున్నాం. ఫెడోర్ ముఖంలో చిన్న కదలిక కూడా లేదు. కింద నుంచే మెల్లగా తిరిగి, చేయి దొరకబుచ్చుకుని, మెలితిప్పి లొంగదీశాడు. మొత్తం పోటీ రెండు నిమిషాలు కూడా లేదు.

ఇప్పుడు అసలు మాట. 2010లో వెర్డూమ్ చేతిలో ఓడేదాకా ఫెడోర్‌కు దాదాపు పదేళ్ళు అసలు ఓటమి లేదు. అంతకు ముందు లెక్కలో ఉన్నది ఒక్కటే. 2000 డిసెంబరులో జపాన్‌లోనే రింగ్స్ అనే పోటీల్లో, ప్రత్యర్థి కొసాకా మోచేయి తగిలి కన్ను దగ్గర చిట్లింది. అక్కడ మోచేతి దెబ్బ నిషిద్ధం. కానీ టోర్నమెంటు కాబట్టి ఎవరో ఒకరు ముందుకు వెళ్ళాలని ఫెడోర్‌ను ఓడినట్టు రాశారు. 17 సెకన్లు! జోన్స్ నియమం తప్పి ఓడితే "కాగితం మీది ఓటమి" అంటున్నారు. ఎదుటివాడు నియమం తప్పితే ఓటమి మూటగట్టుకున్న ఫెడోర్‌ను ఎందుకు మరిచిపోతారు?

జూడో_మాస్టరు:
ఇరవై రెండేళ్ళుగా జూడో నేర్పుతున్నాను, రిఫరీగానూ చేశాను. కాబట్టి మోచేయి మీద అందరూ తలో మాట అనకముందే విషయం చెబుతాను.

అప్పుడు కూడా మోచేయి కొట్టడం నేరం కాదు. గడియారంలో పన్నెండు దగ్గర నుంచి ఆరుకు ముల్లు దిగినట్టు నిటారుగా కిందికి దించడమే నిషేధంగా ఉండేది. కాస్త ఏటవాలుగా దించితే అదే దెబ్బ చెల్లేది. ఇటుకలు, మంచుపలకలు మోచేత్తో పగలగొట్టే ప్రదర్శనలు టీవీలో చూసి అధికారులు భయపడ్డారని రిఫరీ జాన్ మెకార్తీ పలుసార్లు చెప్పాడు. తల మీద నిటారుగా పడే దెబ్బకూ, ఏటవాలుగా పడే దెబ్బకూ ఉన్న తేడా నా అనుభవంలో అంత పెద్దది కాదు. ఆ నియమం తీసేయడం సరైన పనే.

అయితే మెరుపుకాలు గారు ఒకటి దాటేశారు. ఆ రాత్రి ఆ నియమం అమలులో ఉంది, జోన్స్‌కు తెలుసు. నేటి నియమంతో నిన్నటి పోటీని కొలవకూడదు. అలా కొలిస్తే మా జూడోలో సగం పతకాలు వెనక్కి ఇచ్చేయాలి. కాళ్ళు పట్టి పడేయడాన్ని 2010లో నిషేధించారు, అంతకు ముందు అలా గెలిచినవాళ్ళందరూ ఓడినట్టా?

మెరుపుకాలు:
మాస్టరు గారూ, నియమం తప్పాడని నేనూ ఒప్పుకుంటాను. కానీ హమిల్ లేవలేకపోయింది మోచేతి దెబ్బలకు కాదు. అంతకు ముందు కింద పడ్డప్పుడే అతని భుజం జారింది. మోచేయి లేకపోయినా ఆ పోటీ జోన్స్‌దే. ఆ పోటీ మొత్తం చూసినవాళ్ళు ఎవరైనా ఈ మాటే చెబుతారు. మీరు చూశారా?

జూడో_మాస్టరు:
చూశాను. మీకంటే ముందే చూశాను. భుజం జారినవాడిని ఎన్నిసార్లు నా చేతులతో ఆసుపత్రికి తీసుకెళ్ళానో మీకు తెలియదు.

పాతకాపు:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఫెడోర్ ఓటమి ఓటమేనా, కాదా? ఒకటి తేల్చండి.

నల్లమల_చిరుత:
ఒక్క మోచేతి గురించి ఇంత కొట్టుకుంటున్నారు. జోన్స్ పేరు మీద ఉన్న పెద్ద మచ్చ అదా? 2015లో రోడ్డు ప్రమాదం చేసి అక్కడి నుంచి వెళ్ళిపోయినందుకు బెల్టు పీకేశారు. 2016లో యూఎఫ్‌సీ 200కు మూడు రోజుల ముందు డోపింగ్ పరీక్షతో తప్పించారు. 2017లో డేనియల్ కోర్మియర్‌ను తలపై తన్ని పడగొట్టాడు, తరువాత పరీక్షలో ట్యూరినబోల్ అనే స్టెరాయిడ్ బయటపడి ఆ గెలుపును కొట్టేశారు. గెలుపే కొట్టేస్తే ఇక చరిత్ర ఏమిటి? చివరికి టామ్ ఆస్పినాల్ తాత్కాలిక బెల్టు పట్టుకుని ఎదురుచూస్తుంటే, పోటీ ఇవ్వకుండానే 2025 జూన్‌లో తప్పుకున్నాడు. త్వరగా తప్పుకున్నాడని ఖబీబ్‌ను అంటారా?

మెరుపుకాలు:
ఆ పరీక్షలో దొరికింది అతి స్వల్ప మోతాదు. ఉద్దేశపూర్వకంగా వాడలేదని తేల్చి శిక్ష తగ్గించారు. పైగా మాజీ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ ఆండర్సన్ సిల్వా కూడా 2015లో పరీక్షలో దొరికాడు. అతన్ని మాత్రం అందరూ నెత్తిన పెట్టుకుంటారు. ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకొకటా?

నల్లమల_చిరుత:
సిల్వాను నేను నెత్తిన పెట్టుకున్నానని ఎక్కడ అన్నాను? నా మాట నా నోట్లోనే ఉండనివ్వండి.

వెన్నెల21:
ఇంతమంది ఇన్ని మాటలు రాశారు. ఒక్క ఆడపిల్ల పేరు లేదు.

అమాండా నూన్యెజ్. 2016 డిసెంబరులో రాండా రౌసీని 48 సెకన్లలో ముగించింది. 2018 డిసెంబరులో క్రిస్ సైబోర్గ్‌ను 51 సెకన్లలో. అప్పటికి సైబోర్గ్ పదమూడేళ్ళుగా ఓటమి ఎరగదు. ఆ రాత్రితో రెండు బరువుల బెల్టులూ ఒకేసారి అమాండావే. 2021లో పేన్యా చేతిలో ఓడి, ఏడు నెలలకు మళ్ళీ గెలిచి, 2023 జూన్‌లో ఇరీన్ అల్డానాను ఓడించి రెండు బెల్టులూ నేల మీద పెట్టి వెళ్ళింది. ఖబీబ్ గ్లవ్స్ పెడితే ఏడుస్తారు, ఈమె బెల్టులు పెడితే ఎవరికీ గుర్తు లేదు.

మన దగ్గరి మాట కూడా చెబుతాను. 2024 జూన్‌లో లూయీవిల్‌లో పూజా తోమర్ గెలిచింది. యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఉత్తరప్రదేశ్‌లోని పల్లెటూరి నుంచి వూషూ అనే చైనా యుద్ధవిద్య నేర్చుకుని వచ్చిన అమ్మాయి. ఆ రోజు మా అమ్మాయికి చూపించాను. దానికి పదకొండేళ్ళు. మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి కాలు ఎంత ఎత్తు లేస్తుందో చూసుకుంటోంది.

డల్లాస్_బాబాయి:
నా వరకు మొదటివాడు జార్జ్ సెయింట్ పియర్. ఎందుకంటే ఓటమి తరువాత మనిషి ఏమవుతాడో అతను చూపించాడు. 2007లో మ్యాట్ సెర్రా చేతిలో మొదటి రౌండులోనే చిత్తయ్యాడు. ఎవరూ ఊహించలేదు. ఆ తరువాత ఒక ఇటుక మీద సెర్రా పేరు రాసుకుని, కొన్నాళ్ళు మోసి, నదిలో విసిరేశానని అతనే చెప్పాడు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో, సొంత జనం ముందు బెల్టు తిరిగి తీసుకున్నాడు. వరసగా తొమ్మిదిసార్లు కాపాడుకున్నాడు. నాలుగేళ్ళు దూరంగా ఉండి 2017లో వచ్చి, పై బరువులో బిస్పింగ్‌ను గొంతు పట్టి పడేశాడు. తను ఓడిన ఇద్దరినీ, హ్యూస్‌నూ సెర్రానూ, తిరిగి ఓడించాడు. అతని మీద డోపింగ్ మచ్చ లేదు, ఇంకా కఠినమైన పరీక్షలు కావాలని అడిగింది అతనే.

ఉద్యోగం పోయిన ఏడాది నేను ఆ మాంట్రియల్ పోటీని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఉడుంపట్టు:
బాబాయి గారూ, ఆ ఇటుక సంగతి నాకు తెలియదు. మంచి మాట చెప్పారు. గేచీ పోటీలో ఇంకొకటి ఉంది. ఖబీబ్ చేయి విరిచే పట్టు వేయగలిగి కూడా మెడ పట్టు ఎంచుకున్నాడని అతని శిక్షణ సహచరుడు కోర్మియర్ చెప్పాడు. గేచీ లొంగడని ఖబీబ్‌కు తెలుసు. గేచీ తల్లిదండ్రుల ముందు కొడుకు చేయి విరవడం ఇష్టం లేకపోయింది.

జూడో_మాస్టరు:
అది నిజమైన గురువు పెంచిన శిష్యుడి పని. చేయి పట్టులో లొంగకపోతే కీలు పోతుంది, నెలలు పడుతుంది. మెడ పట్టులో నిద్రపోయి, కొద్ది క్షణాల్లో లేస్తాడు. నా కుడి మోచేయి ఈ రోజుకీ పూర్తిగా చాచలేను. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక శిక్షణ శిబిరంలో "తట్టేవాడు మగాడు కాదు" అని నేర్పారు. నేను తట్టలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడికీ మొదటి రోజు తట్టడమే నేర్పుతాను. చాప మీద రెండుసార్లు, గట్టిగా, వినపడేలా.

వెన్నెల21:
నా మాటకు ఇప్పటికీ ఒక్కరూ స్పందించలేదు.

నల్లమల_చిరుత:
వెన్నెల గారూ, నూన్యెజ్ మొదటి ముగ్గురిలో ఉండాల్సిందే. రాయకపోవడం నా తప్పు. సైబోర్గ్ పోటీలో వెనక్కి తగ్గకుండా ఎదురెదురుగా నిలబడి కొట్టింది, అంత ధైర్యం మగవాళ్ళ పోటీల్లోనూ అరుదు. పాపకు శుభాకాంక్షలు. మన అన్షుల్ జూబ్లీ గురించి ఎవరైనా చెప్పండి. 2023లో యూఎఫ్‌సీలో చోటిచ్చే టోర్నమెంటు రోడ్ టు యూఎఫ్‌సీ గెలిచినప్పుడు ఎగిరి గంతేశాను. తరువాత అబుదాబిలో మూడో రౌండులో నాకౌట్, సిడ్నీలో 19 సెకన్లు. ఆ కుర్రాడు తేరుకోవాలని నా కోరిక.

మెరుపుకాలు:
జూబ్లీకి కాలం ఉంది. నూన్యెజ్‌ను నేనూ ఒప్పుకుంటాను. కానీ మాస్టరు గారు భుజం గురించి నాకు సూటిగా జవాబు చెప్పలేదు. దబాయించి వదిలేశారు.

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి ఉడుంపట్టు గారి మాట పట్టుకుని నాన్నకు గేచీ పోటీ చూపించాను. ఖబీబ్ కాళ్ళు బిగించినప్పుడు నాన్న కుర్చీలోంచి ముందుకు వంగి, "తొడ చూడు, తొడ. వాడు కొట్టడం లేదురా, పట్టాడు" అన్నారు. గ్లవ్స్ కింద పెట్టినప్పుడు ఏమీ అనలేదు. ఆ అబ్బాయి తండ్రి ఎప్పుడు పోయాడు అని మాత్రం అడిగారు.

తరువాత తమ్ముడు ఊరుకోక జోన్స్, హమిల్ పోటీ పెట్టాడు. నాన్న రెండుసార్లు వెనక్కి తిప్పించి చూశారు. "కొట్టకూడదన్న చోట కొట్టాడు, ఓటమి వాడిదే. కింద ఉన్నవాడు మాత్రం అప్పటికే పోటీ వదిలేశాడు" అన్నారు. తమ్ముడూ నేనూ ఇద్దరం గెలిచామని అనుకుంటున్నాం.

మెరుపుకాలు:
చూశారా, నాన్నగారు చెప్పిన రెండో మాటే నేను మొదటి నుంచీ చెబుతున్నది.

జూడో_మాస్టరు:
మొదటి మాట నాది.

పాతకాపు:
కృష్ణాతీరం గారూ, నాన్నగారికి కొసాకా పోటీ కూడా చూపించండి. 17 సెకన్లే కదా. అది ఓటమేనా అని ఆయన్నే అడిగి ఇక్కడ రాయండి.