కృష్ణా డెల్టా సార్వా (ఖరీఫ్) వరికి ఇంకా ఊడ్పులేనా, వెద పెడదామా?

కాల్వగట్టు: 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి చాలాచోట్ల వరి కోతకొచ్చి ఉంది, కొన్నిచోట్ల కోసి మడిలో పరిచిన పనల మీద ఉంది. కాల్వ నీళ్లు ఆలస్యమైతే నారు, ఊడ్పులు అన్నీ వెనక్కి, కోత తుఫాన్లలోకి. అదే వెద పెడితే, అంటే నారు, ఊడ్పులు లేకుండా జూన్ వానకే పొడి దుక్కిలో ట్రాక్టర్ గొర్రుతో ఎకరాకు 15-20 కిలోలు విత్తితే పంట వారం పది రోజులు ముందొస్తుంది.

రేగడి: కలుపో?

కాల్వగట్టు: విత్తిన 48 గంటల్లో, తడి ఉండగా 30 శాతం పెండిమిథాలిన్. 15-20 రోజులకు, కలుపు రెండు మూడాకుల్లో ఉండగా బిస్పైరిబాక్ సోడియం ఎకరాకు 100 మి.లీ. లేతాకులు పాలిపోతే ఇనుము లోపం: లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు.

తాలుగింజ: "తడి ఉండగా" అని తేల్చేశారు! పొడి నేలలో ఆ మందు పనిచేయదు. కుంభవృష్టి పడితే మొలక మడిలోనే కుళ్లుతుంది. వాన నమ్మకం లేకే కదండీ ఈ గోలంతా? పైగా ఊద గడ్డి మొలక అచ్చం వరిలాగే ఉంటుంది. ఊడ్పుల కూలి మిగిలినా కలుపు కూలికి చాలదు.

చలివేంద్రం: వెదలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా తగ్గుతుంది.

రేగడి: బస్తా ఎంత పలుకుతోందండీ మీథేన్?

కాల్వగట్టు: మీరు 150 రోజుల సాంబమసూరి వదలరు, తుఫానును తిడతారు. 120 రోజుల 1010 రకం వేయొచ్చుగా?

తాలుగింజ: అది అక్టోబరు వానల్లో కోతకొస్తుంది. పనల మీద మొలకెత్తకుండా లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లుకుంటూ కూర్చోవాలి. డెమో ప్లాటు చూసి చెప్పేవాళ్లకు ఇవి పట్టవు.

కాల్వగట్టు: మాటలు జాగ్రత్త. మడి చదును చేసి నీరు పోయే బోదెలు తీస్తే మొలక పోదు.

తాలుగింజ: చదును ఎవరి డబ్బుతో? పొలం ఏడాది కౌలుది. మొలక పోయినా ఆసామికి బస్తాలు కొలవాల్సిందే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకిచ్చే సాగుదారు కార్డుకు యజమాని సంతకం అడిగింది, వాళ్లు పెట్టరు. కార్డు లేకపోతే పరిహారం పట్టాదారుకే. అలాంటప్పుడు కౌలుదారు తెలిసిన పద్ధతి వదిలి కొత్తది ఎందుకు చేస్తాడండీ?

కాల్వగట్టు: అది కౌలు గొడవ, సాగు గొడవ కాదు.

తాలుగింజ: డెల్టాలో రెండూ ఒకటే.

కాల్వగట్టు: అయితే మొలక సగం పోతే కౌలు సగమని ముందే రాసుకోండి.

తాలుగింజ: రాసిచ్చే ఆసామిని మీరే చూపించండి.

రేగడి: ఇంతకీ పెండిమిథాలిన్ ఎకరాకు ఎంత?

కాల్వగట్టు: తేలిక నేలకు లీటరు, నల్లరేగడికి 1.3. నీళ్లు 200 లీటర్లు.