అప్‌డేట్: చెర్వీనియాలోనే దిగాం, బోర్డర్ దాటింది ఒక్క రోజే

ఆరేళ్ల పాప, అత్తయ్యగారు మావయ్యగారితో హడావిడి లేని స్కీ ట్రిప్ కావాలి, స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో ఉండాలా అవతల ఇటలీ వైపు చెర్వీనియాలోనా అని అడిగా కదా, వెళ్లొచ్చేశాం. చెర్వీనియాకే ఓటేసిన వాళ్లందరికీ థాంక్స్ అండీ, భోజనం ఖర్చు స్విస్ వైపుతో పోలిస్తే బాగా తగ్గింది, పైగా ఊరే 2,050 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మంచు గురించి టెన్షన్ పడలేదు.

లిఫ్టులెక్కే స్కీ పాస్ మాత్రం అన్ని రోజులకీ ఇంటర్నేషనల్ (రెండు దేశాల వైపూ చెల్లేది) తీసుకోలేదు, ఇటలీ పాస్ కొని స్విస్ వైపు వెళ్లిన ఒక్క రోజుకి ఎక్స్‌ట్రా కట్టాం, అదే మంచిదైంది ఎందుకంటే మొదటి రెండు రోజులు గాలికి పైన లిఫ్టులు ఆపేశారు. అవతలికి వెళ్లాక అలా ఆగితే రోడ్డు మీద గంటల తరబడి చుట్టూ తిరిగి రావాలి, అందుకే ఆ రోజు మధ్యాహ్నానికే వెనక్కి బయల్దేరాం (మావారు ఇంకో రన్ అంటూ గొణిగారు, వినలేదు).

పెద్దవాళ్లు స్కీ లేకుండానే కేబుల్ కార్లలో బోర్డర్ మీదున్న ప్లాటో రోజా దాకా, అక్కణ్ణుంచి 2023లో మొదలైన కొత్త రోప్‌వేలో స్విస్ వైపున్న క్లైన్ మాటర్‌హార్న్ శిఖరానికి వచ్చారు. 3,883 మీటర్లు, అత్తయ్యగారికి కాస్త ఆయాసం వచ్చింది, కూర్చోబెట్టి నెమ్మదిగా దింపాం. పాస్‌పోర్టులు ఎవరూ అడగలేదు గానీ జేబులో పెట్టుకోండి.

పాపకి పొద్దున స్కీ స్కూల్, మధ్యాహ్నం పులిహోర, నిద్ర. అంతే.