పులికాట్‌లో స్టిల్ట్‌లు, ఫ్లెమింగోలు: ఫోటో షార్ప్‌గానే వస్తోంది, భంగిమే కుదరట్లేదు

తడిఒడ్డు:
సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన తీస్తున్నాను. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, 150–600 ఎంఎం జూమ్ లెన్స్, ట్రైపాడ్. ఫోకస్‌తో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మూడు. చాలా ఫ్రేముల్లో పక్షి వీపో తోకో కనిపిస్తుంది. అవతలి గట్టు గీత సరిగ్గా తల మీదుగా పోతుంది. స్టిల్ట్ (పొడుగు కాళ్ల నీటిపక్షి) కాళ్లు రెండూ కలిసిపోయి ఒంటికాలి పక్షిలా ఉంటుంది. క్రాప్ చేస్తే ఇవేవీ పోవు కదా, తీసేటప్పుడే ఏం మార్చాలండీ?

నీటిమట్టం:
ముందు గట్టు గీత సంగతి, దానికి లెక్క ఉంది. చదునైన నీటి మీద లెన్స్ ఎంత ఎత్తులో ఉంటే, దిగంతరేఖ పక్షిని ఇంచుమించు అంత ఎత్తులోనే కోస్తుంది. పక్షి దగ్గరున్నా దూరమున్నా తేడా ఉండదు. నీళ్లలో నిలబడ్డ స్టిల్ట్ కన్ను సుమారు అడుగు ఎత్తులో ఉంటుంది. అందుకే ‘కంటి ఎత్తులో తీయండి’ అనే సలహాను తు.చ. తప్పకుండా పాటిస్తే గీత నేరుగా తలలోంచి పోతుంది. లెన్స్‌ని అర జానెడు దించండి. గీత పొట్ట దగ్గరికి దిగుతుంది, తల వెనక మసకబారిన చెట్లో ఆకాశమో మిగులుతుంది.

గ్రేటర్ ఫ్లెమింగో నిలువెత్తు 110 నుంచి 150 సెం.మీ. రోడ్డు కట్ట మీద నిలబడి తీస్తే లెన్స్ దాని తల కంటే పైనుంటుంది కాబట్టి పక్షి మొత్తం నీటి మీదే పడుతుంది. నీటి అంచున మోకాళ్ల మీద కూర్చుంటే గీత మెడను కోస్తుంది, అన్నిటికన్నా అధ్వాన్నం అదే. నిలబడైనా తీయండి, పూర్తిగా పడుకునైనా తీయండి. మధ్యలో ఆగొద్దు.

పడుకుని తీయాలంటే బురదలో ట్రైపాడ్ పనికిరాదు, కాళ్లు దిగిపోతాయి. అంచులున్న పాత పెనంలో బియ్యం నింపిన బీన్‌బ్యాగ్ పెట్టి ముందుకు తోసుకుంటూ పోవచ్చు. తిరిగే స్క్రీన్ ఉంటే మెడనొప్పి తప్పుతుంది. అడుగు వేసేముందు కర్రతో బురద లోతు చూసుకోండి.

ఈశాన్యగాలి:
తోకలు కనిపించడానికి కారణం గాలి. నీటి పక్షులు గాలికి ఎదురు తిరిగి నిలబడతాయి, ఎగిరేదీ దిగేదీ కూడా గాలికి ఎదురుగానే. చలికాలంలో అక్కడ ఎక్కువగా ఈశాన్యపు గాలి. మీ రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది, వెలుగు కోసం ఉత్తరానికి తిరిగి నిలబడతారు. అప్పుడు పక్షి ముఖం ఈశాన్యానికి, అంటే మీకు అవతలికి. అదే వాయవ్యానికి గురిపెట్టండి: ఉదయపు ఎండ ఆగ్నేయం నుంచి మీ వీపు మీద పడుతుంది, పక్షి నిండుగా పక్కకి తిరిగి కనిపిస్తుంది. ఫ్రేములో కుడివైపు, అది చూసే దిక్కున, ఎక్కువ ఖాళీ వదలండి. తెల్లవారుజామున గాలి దిక్కు వేరుగా ఉండొచ్చు, గడ్డిపోచ ఎగరేసి చూసుకోవడం మేలు.

తల విషయానికొస్తే, పూర్తి పక్కచూపు కంటే మీ వైపు 5–10 డిగ్రీలు తిరిగిన తల బాగుంటుంది. కంట్లో వెలుగు చుక్క అప్పుడు బాగా కనిపిస్తుంది. అవతలికి కొంచెం తిరిగినా ఫ్రేము చచ్చిపోతుంది, దాన్ని తీసేయడానికి మొహమాటం వద్దు.

కాళ్లకి బరస్ట్ (వరసగా చాలా ఫ్రేములు తీయడం) తప్ప దారి లేదు. నడిచే స్టిల్ట్‌కి షట్టర్ వేగం 1/1600 సెకను, కాలు ఎత్తడం మొదలవ్వగానే నొక్కండి. ముందు కాలు చాచి, వెనక కాలు ఇంకా ఆనుకుని ఉన్న ఫ్రేములో రెండిటి మధ్య నీరు కనిపిస్తుంది, అది ఉంచుకోండి. ఫ్రేము అంచు కాలి కీలు దగ్గర పడేలా మాత్రం కోయొద్దు. నీళ్లలో ప్రతిబింబం కూడా కావాలంటే పక్షి ఎత్తంత జాగా కింద వదలాలి, కెమెరా నిలువుగా తిప్పుకోవడమే సులువు.

బురదకాళ్లు:
పైవన్నీ సరే. కానీ పక్షి మెడ నిక్కించి, మేత ఆపేసి, మిమ్మల్నే చూస్తోందంటే ఏ కోణమూ దాన్ని కాపాడలేదు. కర్ర మింగినట్టుంటుంది. ఫ్లెమింగోలు వరసకట్టి అవతలికి నడక మొదలుపెట్టినా అంతే, అప్పటికే మీరు దగ్గరికి వచ్చేశారు. నేరుగా వాటి వైపు నడవకుండా ఏటవాలుగా వెళ్లి, అవి మేస్తూ వచ్చే దారికి ముందే కూర్చోండి. మేసే ఫ్లెమింగో తల నీళ్లలోనే ఉంటుంది. ఎత్తిన క్షణంలో ముక్కు నుంచి నీరు జారుతుంది, దాని కోసమే ఆగాలి.

ఎండెక్కాక బురద మీద గాలి అల్లాడుతుంది. ఫోకస్ కుదిరినా ఈకలు మెత్తబడతాయి. ఎనిమిదింటిలోపు కథ ముగించండి. డ్రోన్ ఆలోచన వద్దు, పక్కనే అంతరిక్ష కేంద్రం.

తడిఒడ్డు:
చాలా సంతోషమండీ. జంటగా ఉన్నప్పుడు రెండో స్టిల్ట్ మసకబారుతోంది. అపెర్చర్ (లెన్స్ రంధ్రం) తగ్గించి ఎఫ్/11 పెట్టనా?

నీటిమట్టం:
15 మీటర్ల దూరంలో 600 ఎంఎం, ఎఫ్/6.3 దగ్గర క్రాప్ సెన్సర్‌కి షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 16 సెం.మీ. ఎఫ్/11కి వెళ్తే 27 దాకా వస్తుంది, అంతే. దానికి ఐఎస్ఓ (సెన్సర్ వెలుగు సున్నితత్వం) మూడింతలవుతుంది, వెనక గట్టు కూడా స్పష్టంగా కనిపించేస్తుంది. ఎఫ్/8 దగ్గర ఆగి, రెండు అడుగులు పక్కకి జరిగి, రెండు పక్షులూ మీకు సమదూరంలోకి వచ్చినప్పుడు నొక్కండి. ముక్కులు ఒకదాని మీద ఒకటి పడకుండా మధ్యలో సన్నటి సందు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.