నాన్న చేత షుగర్ మాత్రలు మళ్లీ ఎలా వేయించాలి?

నాన్నకు షుగర్. యూట్యూబ్‌లో ఎవరో కాకరకాయ రసంతో నయమైపోతుందన్నారని మెట్‌ఫార్మిన్ మానేశారు. "డాక్టర్లు, టీవీ చానళ్లు అంతా మందుల కంపెనీల మనుషులే" అంటారు. 1957 నుంచి వాడుకలో ఉన్న మందు, జన ఔషధి దుకాణంలో చవగ్గా దొరుకుతుంది, ఇందులో దోచుకునేదేముంది నాన్నా అంటే ఇంకో వీడియో పెట్టి ఫోన్ నా చేతికిస్తారు. పొద్దున్నే గ్లూకోమీటర్‌లో అంకె కాస్త తగ్గితే చాలు, "చూశావా!" అంటారు. దాదాపు 3 నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు మాత్రం రారు.

వాదించేకొద్దీ బిగుసుకుపోతున్నారు. మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లను ఎలా ఒప్పించారు? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ సలహాల్లాంటివి, ఆయన కూర్చుని చదివేలా తెలుగులో ఎక్కడైనా దొరుకుతాయా? నమ్మదగిన డాక్టరు వీడియో అయినా పర్లేదు. పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి, అమ్మకు చాలా భయంగా ఉంది. దయచేసి త్వరగా చెప్పండి.