కారు కూలెంట్ ఇంట్లో మార్చుకోవచ్చా, షెడ్డుకే పంపాలా?

బెజవాడ స్విఫ్ట్:
నాది 2014 మోడల్ పెట్రోల్ బండి. బానెట్ కింద డబ్బాలో కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తుప్పు రంగుకి తిరిగింది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఫ్లష్ చేసి కొత్తది పోస్తామన్నారు గానీ, రేటు వినేసరికి ఇంజిన్ కంటే ముందు నేను వేడెక్కాను. రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్ కనబడుతూనే ఉంది. అది విప్పి, నీళ్ల పైపు పెట్టి కడిగి, కొత్తది పోసేస్తే సరిపోదా? దీనికి మెకానిక్ ఎందుకు?

ఓరుగల్లు వాసి:
అక్కర్లేదు బ్రో. మా ఇంట్లో బళ్లన్నిటికీ నేనే మారుస్తా. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయి, అదొక్కటే నియమం. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే పట్టుకుంటే అసలు టెన్షనే లేదు. కింద టబ్బు పెట్టు, ప్లగ్ వదులు చెయ్యి, పాతది దిగిపోతుంది. తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, బిగించి, నీళ్లు కలిపే అమ్మే రెడీమిక్స్ పోసెయ్.

షెడ్డు బాబాయ్:
అదొక్కటే నియమమైతే వేసవిలో మా షెడ్డు ముందు అన్ని బళ్లు ఆగవు తమ్ముడూ.

ప్లగ్ విప్పితే ఖాళీ అయ్యేది రేడియేటర్ మాత్రమే. ఇంజిన్ బ్లాకులో, హీటర్ పైపుల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. చాలా బళ్లలో అది సగం దాకా ఉంటుంది. మొత్తం ఆరు లీటర్లు అనుకో. నువ్వు నీళ్లతో శుభ్రంగా కడిగావు, ప్లగ్ విప్పావు, మూడు లీటర్లు పోయాయి. మిగతా మూడు లీటర్లు లోపలే, అదీ ఉత్త నీళ్లు. దాని మీద సగం నీళ్లున్న రెడీమిక్స్ మూడు లీటర్లు పోస్తే అసలు మందు పడింది లీటరున్నరే. ఆరు లీటర్లకి పాతిక శాతం. కొన్న డబ్బా మీద యాభై అని రాసి ఉంటుంది, ఇంజిన్‌లో పాతికే ఉంటుంది.

నీళ్లతో కడిగితే తర్వాత పోయాల్సింది నీళ్లు కలపని కాన్సన్‌ట్రేట్. ఎంత దిగిందో కొలిచి, మొత్తం ఎంత పడుతుందో మాన్యువల్‌లో చూసి పొయ్యాలి. ఆ కొలత చెయ్యని వాడు ఇంట్లో చేసినా ఒకటే, మా షెడ్డులో చేసినా ఒకటే.

పాత డీజిల్:
అసలు మన ఎండలకి కూలెంట్ ఎందుకండీ? ఇక్కడేమైనా మంచు పడుతుందా? మా నాన్నగారు అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశారు, బండికి ఏమీ కాలేదు.

షెడ్డు బాబాయ్:
నాన్నగారి బండిలో ఇంజిన్ పోత ఇనుము, రేడియేటర్ రాగీ ఇత్తడీ. ఇప్పటి బళ్లలో ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, అల్యూమినియం, రేడియేటర్ అల్యూమినియం, దాని గొట్టాలు సన్నం. బోరు నీళ్లలోని సున్నం వాటిలో పేరుకుంటే తీయడం మహా కష్టం. ఒక్కమాట నిజమే అండీ, వేడిని మోయడంలో ఉత్త నీళ్లే మెరుగు. నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఆపేదీ ముఖ్యంగా ఆ ప్రెషర్ మూతే. కూలెంట్ దానికి ఇంకొన్ని డిగ్రీలు కలుపుతుంది. కానీ తుప్పు పట్టకుండా చూసే మందు నీళ్లలో ఎక్కడుంది? తుప్పు తినేసిన అల్యూమినియం వాటర్ పంపును చేతిలో పెడితే తెలుస్తుంది.

మిన్నియాపాలిస్ తెలుగోడు:
మాకిక్కడ అమెరికా చలిలో బాబాయ్ చెప్పిన పాతిక శాతం మరీ ప్రమాదం. సగంపాళ్ల కూలెంట్ మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. పాతిక శాతమైతే మైనస్ 12 దగ్గరే మొదలు. గడ్డకట్టి ఉబ్బితే బ్లాకు పగలొచ్చు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత కూలెంట్‌ని కాలవలో పొయ్యకండి, టబ్బులో వదిలేసి లోపలికి వెళ్లకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

బెజవాడ స్విఫ్ట్:
బాబాయ్, ఆ లెక్క అర్థమైంది. ఎయిర్ లాక్ అంటారే, అదేంటి? పాతది ఆకుపచ్చ, కొత్తదీ ఆకుపచ్చ తీసుకుంటే చాలా?

షెడ్డు బాబాయ్:
రంగు కంపెనీ వాడు కలిపేది, దాన్ని నమ్మకు. మాన్యువల్‌లో ఏ రకం రాశారో అది కొను. పడని రకాలు కలిస్తే జిగురులా కట్టే ప్రమాదం ఉంది. కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలో పోసేది.

ఎయిర్ లాక్ అంటే లోపల గాలి చిక్కుకుని కూలెంట్ తిరగకుండా అడ్డుపడడం. ఆ గాలి తీయాలంటే, మూత తీసే ఉంచి, ఏసీ నాబ్‌ను పూర్తిగా ఎర్ర గుర్తు వైపు తిప్పి బండి స్టార్ట్ చెయ్యి. మొదట ఏమీ జరగదు. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోగానే గుడగుడమని బుడగలొచ్చి మట్టం ఒక్కసారి దిగుతుంది. కింది పైపు కూడా వేడెక్కుతుంది. దిగినంత మళ్లీ పొయ్యి. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఇదే పని. ముఖం మాత్రం మూత మీదకి పెట్టకు. బండి వేడిగా ఉండి, లోపలికి చల్లగాలి వస్తుంటే గాలి మిగిలిందనుకో. ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తే వెంటనే ఆపెయ్. మూత రేడియేటర్ మీద కాకుండా డబ్బా మీదే ఉండే బళ్లకీ, ఎలక్ట్రిక్ బళ్లకీ పద్ధతి వేరు. వాటిని మాత్రం ముట్టుకోకండి.

ఓరుగల్లు వాసి:
లెక్క ఒప్పుకుంటా. కానీ షెడ్డులో ఎంతమంది ఈ లెక్క వేస్తున్నారు? మా దగ్గర డబ్బాలోది పీల్చేసి కొత్తది నింపి, ఫ్లష్ అని బిల్లు రాసిన వాళ్లున్నారు. నేనైతే పైపు పెట్టను. రెడీమిక్స్‌తోనే నింపి, కొన్నాళ్లు తిప్పి, మళ్లీ దించి నింపుతా. పాతది సగమవుతుంది, మళ్లీ పావవుతుంది. నీళ్ల గొడవే ఉండదు.

షెడ్డు బాబాయ్:
మామూలుగా పాతబడిన కూలెంట్‌కి అది మంచి పద్ధతే. ఈయనది తుప్పు రంగు. ఎవరో నీళ్లు పోసినట్టున్నారు, మడ్డి ఉంటుంది, కడగాల్సిందే. స్విఫ్ట్ గారూ, ముందు మూత లోపలి వైపు వేలితో రాసి చూడండి. ఎర్రపొడి అంటితే తుప్పే. పాలమీగడ లాంటి జిడ్డు అంటితే మాత్రం నూనె కలుస్తోందేమో. అప్పుడు కూలెంట్ కొనకుండా హెడ్డుకీ బ్లాకుకీ మధ్య సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, చూపించుకోండి.

బెజవాడ స్విఫ్ట్:
ఎర్రపొడే బాబాయ్, ఇప్పుడే చూశా. ఆదివారం మొదలుపెడతా. కాన్సన్‌ట్రేట్ మా ఊళ్లో ఏ కొట్టులో దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి, అడిగిన చోటల్లా రెడీమిక్సే చూపిస్తున్నారు.