ఫ్రీబీఎస్‌డీ జైల్‌లో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ అయింది కానీ ఇనిట్‌డీబీ ఫెయిల్ అవుతోంది

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్తే. ఫ్రీబీఎస్‌డీ 14 (యునిక్స్ తరహా ఓఎస్) మీద ఒక జైల్ (అసలు మెషీన్ అంటే హోస్ట్ నుంచి విడిగా ఉండే చిన్న సిస్టమ్) చేసి అందులో పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ పెడుతున్నా. ప్యాకేజీ ఏ ఎర్రర్ లేకుండా దిగిపోయింది, సర్వీసుల సెట్టింగ్స్ ఫైల్ ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఎనేబుల్ కూడా చేశా, తీరా డేటా డైరెక్టరీని మొదటిసారి తయారుచేసే ఇనిట్‌డీబీ కమాండ్ కొడితే బూట్‌స్ట్రాప్ స్క్రిప్ట్ దగ్గర "కుడ్ నాట్ క్రియేట్ షేర్డ్ మెమరీ సెగ్మెంట్: ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్" అని ఆగిపోయి డేటా డైరెక్టరీని కూడా అదే తీసేస్తోంది. హోస్ట్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, సగం ఖాళీనే. పర్మిషన్లు చూశా, ఓనర్ పోస్ట్‌గ్రెస్ యూజరే. తీసేసి మళ్ళీ వేసినా అంతే. ఇదే ప్యాకేజీ హోస్ట్ మీద డైరెక్ట్‌గా పెడితే మాత్రం శుభ్రంగా లేస్తోంది. సోమవారానికి టీమ్‌కి డేటాబేస్ ఇవ్వాలి, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

హైదరాబాద్_యునిక్స్:
షేర్డ్ మెమరీ (ప్రాసెస్‌లు కలిసి వాడుకునే మెమరీ) అంటోంది కదా బ్రో, హోస్ట్‌లో దాని గరిష్ఠ సైజు, అదే ఎస్‌హెచ్ఎంమ్యాక్స్ లిమిట్ పెంచి చూడు.

లాగ్_చదువరి:
లిమిట్ జోలికి వెళ్ళకండి. లిమిట్ చాలకపోతే "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అనో "కెనాట్ అలొకేట్ మెమరీ" అనో వస్తుంది. ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్ అంటే అసలు ఆ సిస్టమ్ కాల్‌నే కెర్నల్ మీ జైల్‌కి ఇవ్వట్లేదు. ఆ ఎర్రర్‌కి కాస్త పైన మ్యాక్స్ కనెక్షన్స్, షేర్డ్ బఫర్స్ అని రెండు లైన్లు ఉంటాయి, వాటి పక్కన ఎంత ఉందో చెప్పండి.

రాత్రిడ్యూటీ:
20, 400 కేబీ అని ఉన్నాయండి.

లాగ్_చదువరి:
అయితే అదే. మామూలుగా అక్కడ 100, 128 ఎంబీ రావాలి. ఇనిట్‌డీబీ పెద్ద నంబర్‌తో మొదలెట్టి సర్వర్ లేవకపోతే తగ్గించుకుంటూ వస్తుంది, ఏదీ పనిచేయకపోతే ఆ చివరి అంకె దగ్గర ఆగుతుంది. అంటే మొదటి ప్రయత్నం నుంచే ఫెయిల్ అవుతోందన్నమాట, ర్యామ్‌తో సంబంధం లేదు. 2013లో వచ్చిన 9.3 నుంచి పోస్ట్‌గ్రెస్ ఎక్కువ మెమరీని ఎమ్‌మ్యాప్ అనే వేరే పద్ధతితోనే తీసుకుంటుంది గానీ, ఒకే డేటా డైరెక్టరీ మీద రెండు సర్వర్లు లేవకుండా చూసుకోడానికి సిస్టమ్ వీ అనే పాత యునిక్స్ పద్ధతి షేర్డ్ మెమరీలో చిన్న సెగ్మెంట్ ఒకటి ఇప్పటికీ అడుగుతుంది. ఫ్రీబీఎస్‌డీ జైల్‌లో అది డిఫాల్ట్‌గా బంద్.

హోస్ట్‌లో జైళ్ళ సెట్టింగ్స్ ఉండే జైల్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిచి మీ జైల్ బ్లాక్‌లో సిస్‌వీఎస్‌హెచ్ఎం ఈక్వల్స్ న్యూ అని రాసి సెమికోలన్ పెట్టండి, సిస్‌వీసెమ్, సిస్‌వీఎంఎస్‌జీ కూడా అలాగే పెట్టేయొచ్చు. జైళ్ళని మేనేజ్ చేసే బాస్టిల్ టూల్ వాడుతుంటే ఆ జైల్ ఫోల్డర్‌లోనే విడిగా జైల్ డాట్ కాన్ఫ్ ఉంటుంది, అందులో మార్చాలి. తర్వాత హోస్ట్ నుంచి ఆ జైల్‌ని రీస్టార్ట్ చేయండి, లోపల పోస్ట్‌గ్రెస్ ఒక్కటే రీస్టార్ట్ చేస్తే లాభం లేదు.

బెజవాడ_అడ్మిన్:
ఒక్క మాట. నెట్‌లో వెతికితే అలౌ డాట్ సిస్‌వీఐపీసీ ఆన్ చేయమని పాత సలహాలు చాలా కనిపిస్తాయి, దయచేసి అది వాడకండి. దాంతో హోస్ట్, జైళ్ళు అన్నీ ఒకే షేర్డ్ మెమరీ పంచుకుంటాయి, జైల్ పెట్టిందే విడిగా ఉంచడానికి కదా. 2016లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 11 నుంచి ఈ న్యూ అనే ఆప్షన్ ఉంది.

రాత్రిడ్యూటీ:
అయిపోయిందండీ!! ఈసారి 100, 128 ఎంబీ వచ్చాయి, సర్వీస్ స్టార్ట్ అయింది, పీఎస్‌క్యూఎల్‌తో లోపలికి వెళ్ళి చూశా కూడా. చాలా థ్యాంక్స్. టెస్టింగ్‌కి ఇంకో జైల్‌లో ఇంకో పోస్ట్‌గ్రెస్ కావాలి, దానికి యూజర్ ఐడీ మార్చాలా?

బెజవాడ_అడ్మిన్:
అక్కర్లేదు, అది పాత పద్ధతిలో గొడవ. న్యూ పెడితే దేని మెమరీ దానిదే, రెండిట్లో పోస్ట్‌గ్రెస్ యూజర్‌కి అదే 770 ఐడీ ఉన్నా ఏం కాదు. కాకపోతే ఆ జైల్ బ్లాక్‌లో కూడా ఈ లైన్ రాయడం మర్చిపోకండి.