గ్యాస్ గీజర్ బాత్రూం లోపలా, బయటా? మా ఇంట్లో గొడవ అయిపోతోంది

గంటస్తంభం:
మాది విజయనగరం కంటోన్మెంట్ సైడు. అమ్మకి 70 దాటాయి, పొద్దున్నే వేడినీళ్ళు కావాలి, కరెంటు గీజర్ వేస్తే లో వోల్టేజీ, అందుకని 6 లీటర్ల గ్యాస్ గీజర్ కొనేశాను. బిగించడానికొచ్చిన కుర్రాడు బాత్రూం లోపలే తలుపు పక్కన పెట్టీద్దాం, వంటింట్లో సిలిండర్‌కి టీ జాయింటు (గ్యాస్‌ని రెండు దారులకి పంచేది) పెట్టి లైన్ లాగీస్తాను అంటున్నాడు. మా బావ ససేమిరా అంటున్నాడు. బాత్రూం 4 బై 6, పైన వెంటిలేటర్ ఉంది. చాలదా?

తోటపల్లి_నీరు:
చాలుతుందండీ. మాది లోపలే, ఆరేళ్ళయింది, ఏటీ కాలేదు. బయట పెడితే వానకి తుప్పు, గాలికి మంట ఆరిపోడం, పైగా కోతులు.

రెండో షిఫ్ట్:
ఏటీ కాలేదు అంటే ఇంకా కాలేదు అని. మా పిన్ని కూతురు సంక్రాంతి ముందు తలస్నానానికి వెళ్ళింది, చలి అని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టుకుంది. బకెట్ నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు ఆగకపోతే పిన్ని పిలిచింది, పలకలేదు. గడియ విరగ్గొట్టి బయటకి లాగేం, బతికింది గానీ రెండు రోజులు తలనొప్పి, వాంతులు. గ్యాస్ వాసన అసలు లేదు, అందుకే ముందు ఎవరికీ గీజర్ మీద అనుమానమే రాలేదు.

పైపురెంచీ:
శ్రీకాకుళంలో ఇదే పని చేస్తాను, ఇక్కడ రెండు సంగతులు కలిపేస్తున్నారు. లీకైతే వాసన తెలుస్తుంది, ఎందుకంటే ఎల్పీజీలో మెర్కాప్టన్ అని ఘాటు వాసనొచ్చే రసాయనం కలుపుతారు. రెండోది పొగ. మూసిన గదిలో మంట ఆక్సిజన్ తినేస్తే సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. స్నానం చేసే మనిషికి తల తిరిగేసరికి లేచి గడియ తీసే ఓపిక ఉండదు. పైన వెంటిలేటర్ ఒక్కటీ ఉంటే లాభం లేదు, కింద నుంచి కొత్తగాలి రావాలి కదా. బయట గోడకి పెట్టండి, పైన రేకు వేయండి, పక్కలు మాత్రం మూసీకండి, లోపలకి వేడినీళ్ళ పైపు ఒక్కటే రావాలి.

గంటస్తంభం:
అన్నా, టీ జాయింటు సంగతి చెప్పలేదు.

పైపురెంచీ:
టీ జాయింటు నాకు నచ్చదు. స్టవ్వూ గీజరూ ఒకేసారి వెలిగిస్తే మంట తగ్గిపోతుంది, అప్పుడు ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారంటే హోటల్ వాళ్ళు వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి తగిలించీస్తారు. ఇంటి సామాను సుమారు 30 మిల్లీబార్ ప్రెషర్‌కి చేసింది, దానికి ఎక్కువ ప్రెషర్ ఇస్తే మంట బయటకి తన్నుకొస్తుంది. గీజర్‌కి వేరే 14.2 కేజీల సిలిండర్ పెట్టుకోండి, నిలువుగా, గాలాడేచోట. సెకండ్ సిలిండర్ ఉంటే ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ట్యూబు గ్యాస్ కంపెనీలిచ్చే నారింజ రంగు 'సురక్ష' ట్యూబే వాడండి, మీటరున్నర దాటకూడదు, 5 ఏళ్ళకి మార్చీయాలి, డేట్ దాని మీదే ఉంటుంది. అంతకంటే దూరమైతే రాగి పైపు, జాయింటు గోడలో పాతకూడదు, కంటికి కనపడాలి. బిగించాక సబ్బునురుగు రాసి చూడండి. అగ్గిపుల్లతో చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు మన జిల్లాల్లో, వాళ్ళకో దండం.

తోటపల్లి_నీరు:
కోతుల సంగతి ఎవరూ మాట్లాడరేటండీ? మా వీధిలో ట్యూబులు పీకేసాయి.

పైపురెంచీ:
ఇనప గ్రిల్లు పెట్టించండి. కోతి పీకితే వాసనొస్తుంది కదా.

గంటస్తంభం:
నిన్న వచ్చాడు కుర్రాడు. బయటే పెట్టమన్నాను, మొహం ముడుచుకున్నాడు గానీ పెట్టాడు, వేరే సిలిండరే. నేనే నురుగు రాశాను, రెగ్యులేటర్ దగ్గర ట్యూబు మొదట్లో చిన్న చిన్న బుడగలు వస్తూనే ఉన్నాయి. "కొంచెమే కదండీ, బిగుసుకుపోతుంది" అన్నాడు. గ్యాస్ కట్టించి, విప్పించి మళ్ళీ పెట్టించాను, ట్యూబు పూర్తిగా లోపలకి తొయ్యలేదట. ఇంకోటి, వాసనొస్తే గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్యాలని అమ్మకి తలుపు వెనక పెద్దంకెల్తో రాసి అంటించాను.

రెండో షిఫ్ట్:
ఫోన్ ఇంటి బయటకొచ్చి చెయ్యమనండి, స్విచ్చులు ముట్టుకోకుండా.

తోటపల్లి_నీరు:
సరే, ఒకటి అడుగుతాను, నవ్వీకండి. మా గీజర్ మంట మొదట్లో నీలంగా ఉండేది, ఓ ఏడాది నుంచి పసుపుగా వస్తోంది, పైన గోడ కూడా కొంచెం నల్లగా అయింది. జెట్ (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం) పాతబడింది అనుకున్నాను. మా ఆవిడకి స్నానం చేసొచ్చాక తలనొప్పి అంటే సైనస్ మందులు వాడుతోంది.

పైపురెంచీ:
సిలిండర్ దగ్గర కట్టీయండి. ఇప్పుడే. ఇంకెవరూ అందులో స్నానం చెయ్యొద్దు, పొయ్యి మీద కాచుకోండి. మీ ఆవిడగారిని ఈరోజే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళి గీజర్ సంగతి విప్పి చెప్పండి. ఆ తలనొప్పి మొదలైందీ మంట రంగు మారిందీ ఒకేసారేనా?

తోటపల్లి_నీరు:
ఇంచుమించు. కట్టీసేను.